నాన్న వంగి చూసిన బీరువా

మా నాన్న అమెరికా వచ్చిన మూడో రోజున మా పాప మంచం విప్పేశారు.

విప్పమని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం నిద్ర పట్టక ఇల్లంతా తిరుగుతూ పాప గదిలోకి వెళ్ళారట. నేను మీటింగులు ముగించుకుని పైకి వెళ్ళి చూసేసరికి పరుపు గోడకి ఆనించి ఉంది. మంచం ముక్కలన్నీ కార్పెట్ మీద సైజులవారీగా వరసలో ఉన్నాయి. స్క్రూలు ఒక ఇడ్లీ గిన్నెలో. నాన్న ఒక పలక అంచుని గోరుతో గీకి, రాలిన పొడి అరచేతిలో పోసి నాకు చూపించారు.

"ఇది చెక్క కాదమ్మలూ, రస్కు. టీలో ముంచితే నానిపోద్ది."

అట్టపెట్టెలో వచ్చిన మంచం అది. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. వంకర తాళంచెవి లాంటిదొకటి ఇస్తారు, దానితో మనమే బిగించుకోవాలి. నేనూ మావారూ ఒక శనివారం పూటంతా పోట్లాడుకుంటూ బిగించిన ఆ మంచాన్ని నాన్న పదిహేను నిమిషాల్లో మళ్ళీ నిలబెట్టేశారు. కాగితం చూడలేదు. చివర్లో రెండు స్క్రూలు మిగిలితే "ఇవి అక్కర్లేదు" అని జేబులో వేసుకున్నారు. ఆ మంచం ఇప్పటికీ కిర్రుమనలేదు.

నాన్న రాజమండ్రిలో వడ్రంగి మేస్త్రి. సీతంపేటలో రోడ్డు మీదకి రేకుల షెడ్డు, వెనకాల రెండు గదుల ఇల్లు. ఆయన పుట్టింది కోనసీమలో ఒక లంక ఊళ్ళో. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక బాడిత, ఒక రంపం, మూడు ఉలులు గోనెసంచిలో చుట్టుకుని రాజమండ్రి వచ్చారు. ఊరు పెరుగుతోంది, కొత్త ఇళ్ళకి గుమ్మాలూ కిటికీలూ కావాలి, కలప అడితుల దగ్గర నిలబడితే పని దొరుకుతుంది అని ఎవరో చెప్పారట. నాకు గుర్తున్నప్పటికి షెడ్డులో ఐదుగురు పనివాళ్ళుండేవారు. పెళ్ళిళ్ళ సీజనులో రాత్రి పదింటిదాకా చిత్రిక పట్టే చప్పుడే. ఆ తర్వాత ఇనప బీరువాలు, ఆపైన ప్లైవుడ్డు, ఆపైన షోరూములు వచ్చాయి. ఐదుగురు ఇద్దరయ్యారు. అమ్మ పోయాక ఆ ఇద్దరినీ పంపేసి షెడ్డుకి తాళం వేశారు.

ఆ తాళంచెవి ఆయనతోపాటే ఒహాయో వచ్చింది. బనీనుకి పిన్నీసుతో గుచ్చుకుని తిరిగేవారు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు ఆ స్థలాన్ని అపార్ట్‌మెంటుకి డెవలప్‌మెంట్‌కి ఇద్దామంటాడు. రోజూ రాత్రి ఫోను చేసి "నాన్నేమన్నారక్కా?" అని అడుగుతాడు. నాన్న ఏమీ అనరు. కిటికీలోంచి పక్కింటి డెక్ కట్టేవాళ్ళని చూస్తూ కూర్చుంటారు. మంచం విప్పి బిగించిన ఆ ఒక్క సాయంత్రం తప్పితే మొదటి నెలంతా ఆయన గొంతు సరిగ్గా విన్న గుర్తు లేదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనందరికీ ఉండే బెంగే ఇది. గుడికి తీసుకెళ్ళాం, ఇండియన్ స్టోరుకి తీసుకెళ్ళాం, నయాగరా చూపించాం. ఇంకేం చెయ్యాలి? మేసన్‌లో కారు లేకుండా గడప దాటలేం. చివరికి మా పాపే చెప్పింది. స్కూలు వాళ్ళు సిన్సినాటి ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్ళారట. "అమ్మా, అక్కడ తాతయ్యకి నచ్చే పాత మంచాలున్నాయి" అంది.

ప్రవేశం ఉచితం కూడాను. ఒక ఆదివారం బయల్దేరాం.

ఈడెన్ పార్కు కొండ మీద ఆగగానే కింద ఒహాయో నది కనిపించింది. నాన్న కారు దిగి మ్యూజియం వైపు కాకుండా నది వైపు నడిచారు. "గోదారంత లేదు" అన్నారు కాసేపయ్యాక. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఏ నదీ ఆనదు లెండి. కానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "ఈ ఊరికి కలప ఇందులోంచే వచ్చేదా?"

వచ్చేది. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయినా నాకు తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. అసలు ఈ ఊరు పెరిగిన తీరే విచిత్రం. 1820లో సిన్సినాటి జనాభా 9,642. 1850 నాటికి 1,15,435. ముప్ఫై ఏళ్ళలో పన్నెండు రెట్లు! ఆవిరి పడవలు, కాలువ, పందిమాంసం వ్యాపారం. ఊరికి పోర్కోపోలిస్ అని ఎగతాళి పేరు కూడా ఉండేది. పడవ దిగేవాళ్ళలో జర్మన్లు, ఐరిష్‌వాళ్ళు ఎక్కువ. జర్మన్లంతా కాలువ అవతల ఇళ్ళు కట్టుకుంటే ఆ పేటకి 'ఓవర్ ది రైన్' అని పేరొచ్చింది. తమ దేశపు రైన్ నదిని తెచ్చి కాలువకి తగిలించారన్నమాట. కాలువ ఎప్పుడో పూడ్చేశారు, పేరు మాత్రం ఉంది.

ఇంతమంది వచ్చి దిగితే ముందు ఏం కావాలి? పడుకోవడానికి మంచం, కూర్చోవడానికి కుర్చీ, పాత దేశం నుంచి తెచ్చుకున్న నాలుగు బట్టలు పెట్టుకోవడానికి పెట్టె. చుట్టూ అడవుల్లో నల్ల వాల్‌నట్, చెర్రీ, పోప్లర్. తయారైనది ఎక్కించడానికి గుమ్మంలో నది. ఐర్లండులో పుట్టిన రాబర్ట్ మిచెల్, జర్మనీ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ రామెల్స్‌బర్గ్ ఇక్కడ కలిశారు. ఇద్దరూ చెక్కపని తెలిసినవాళ్ళే. 1840లలో కలిసి వ్యాపారం మొదలుపెట్టారు. ఆవిరి యంత్రాలతో రంపాలు ఆడించి, ఒకే చోట వందలమందికి పనిచ్చే ఫ్యాక్టరీగా దాన్ని పెంచారు. సామాను నది వెంట దక్షిణానికి పోయేది. దక్షిణాన కొనేవాళ్ళలో పత్తి తోటల యజమానులు ఉండేవారు. ఆ డబ్బు ఎవరి వీపుల మీద వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నదికి ఇటు బానిసత్వం లేదు, అటు కెంటకీలో ఉంది. వ్యాపారానికి మాత్రం నది అడ్డం కాలేదు.

ఇదంతా ఆ రాత్రి సంగతి. మ్యూజియంలో ఉన్నప్పుడు నాకు తెలిసింది గోడ మీది చిన్న అట్టముక్కలో రాసినంతే.

సిన్సినాటి వస్తువులకంటూ అక్కడ ఒక విభాగం ఉంది. అందులో మిచెల్ అండ్ రామెల్స్‌బర్గ్ వారి పెద్ద చెక్క బీరువా ఒకటి. నిండా నగిషీలు. మావారు ఫోటో తీసుకుని ముందుకెళ్ళిపోయారు. నాన్న ఆగారు. ముందు దూరం నుంచి చూశారు. తర్వాత పక్కకెళ్ళి, గోడకీ బీరువాకీ మధ్య సందులోకి ఒక కన్ను పెట్టి చూశారు. ఆ తర్వాత డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని రోజూ మాత్ర వేసుకునే మనిషి, పంచె సవరించుకుని నేల మీద వంగి బీరువా అడుగు భాగం చూడటం మొదలుపెట్టారు.

గార్డు గబగబా వచ్చాడు. "నాన్నా, లేవండి, ముట్టుకోకూడదు" అన్నాను.

"ముట్టుకోలేదు. చూస్తన్నాను."

లేచి, చేతులు దులుపుకుని, మెల్లగా చెప్పారు. "మొహానికి మంచి చెక్క, వీపుకి చవక చెక్క. మనవూ అంతే కదా చేసేది." ఆయన మొహంలో నెల రోజుల తర్వాత నవ్వు. "ఈ గీతలన్నీ మిషనువి. ఒకే లోతు, ఒకే వాటం. ఆ మధ్యలో పువ్వుంది చూడు, అది మాత్రం చెయ్యి. ఎడం పక్క రేక కొంచెం లావొచ్చింది. కుడిచేతి వాటం వాడు, ఎడం పక్కకి తిరిగినప్పుడు అలా వస్తది."

నాకు ఆ తేడా ఎంత చూసినా కనిపించలేదు.

"ఎంతమంది పనోళ్ళు వీళ్ళ దగ్గర?"

"వందలమందట నాన్నా. ఒకళ్ళు కాళ్ళు, ఒకళ్ళు సొరుగులు, ఒకళ్ళు పాలిష్..."

"రోజంతా కాళ్ళేనా?" అని కాసేపు ఆలోచించారు. "మరి బీరువా చేశానని ఎవడు చెప్పుకుంటాడు?"

మరో గదిలో ఉంది ఆ మంచం. నల్లని మహాగని, తల వైపు గోడంత ఎత్తు, గుడి గోపురంలా కొసలు తేరిన పైభాగం, నిండా ఆకులూ పువ్వులూ. నాన్న ఈసారి వంగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయారు. "ఇది పూర్తిగా చెయ్యే. మిషను లేదు. ఎవరు చేశారో చదువు" అన్నారు.

చదివాను. అడిలైడ్ నర్స్ పిట్‌మన్. 1880ల తొలినాళ్ళు.

"ఆడమనిషి నాన్నా."

ఆయన నా వైపు తిరగలేదు. "ఎవరు నేర్పారు?"

"ఆమె భర్త. ఇంగ్లండు నుంచి వచ్చాడు. బెన్ పిట్‌మన్..." అంటూ ఆగిపోయాను. పిట్‌మన్! మన టైపు ఇన్‌స్టిట్యూట్ పిట్‌మనే! ఆ షార్ట్‌హాండు పద్ధతి కనిపెట్టిన ఐజాక్ పిట్‌మన్‌కి తమ్ముడు ఇతను. అన్నగారి షార్ట్‌హాండుని అమెరికాలో ప్రచారం చెయ్యడానికి వచ్చి, సిన్సినాటిలో స్థిరపడి, 1870లలో ఇక్కడి ఆడవాళ్ళకి చెక్క మీద నగిషీ చెక్కడం నేర్పాడు. ఇంగ్లండు నుంచే వచ్చిన హెన్రీ ఫ్రై, ఆయన కొడుకు విలియం కూడా నేర్పారు. 1878లో మ్యూజిక్ హాలు కట్టినప్పుడు అందులోని పెద్ద ఆర్గన్‌కి చెక్క పలకలు చెక్కినవాళ్ళలో వీళ్ళ దగ్గర నేర్చుకున్న వందమందికి పైగా ఆడవాళ్ళున్నారు. వాళ్ళు చాలావరకు డబ్బున్న ఇళ్ళవాళ్ళు, అది నిజమే. ఫ్యాక్టరీలో కూలికి చెక్కిన వాళ్ళు కారు. అయినా సరే, వంద మంది ఆడవాళ్ళ చేతుల్లో ఉలులు!

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి.

నాకు పదకొండేళ్ళప్పుడు ఒక వేసవి మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకి వెళ్తే నేను షెడ్డులో కూర్చుని ఒక మంచంకోడుకి బెజ్జం కొట్టాను. రోజూ చూస్తున్నదే కదా. పెన్సిలు గీత నాన్న గీసిందే. ముప్పావంగుళం ఉలి, కొయ్యసుత్తి. సగం పైన అయ్యాక ఉలి జారి ఎడంచేతి బొటనవేలు తెగింది. అదే సమయానికి నాన్న, ఒక పెద్దాయనతో మాట్లాడుతూ లోపలికి వచ్చారు. రక్తం చూసి కట్టు కడతారనుకున్నాను. చెంప మీద కొట్టారు. నాన్న నన్ను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. "ఆడపిల్లవి, నీకెందుకు ఉలి?" అన్నారు. ఆ తర్వాత షెడ్డులోకి మంచినీళ్ళు ఇవ్వడానికి తప్ప నన్ను రానివ్వలేదు. తమ్ముడికి నేర్పబోయారు, వాడికి ఇష్టం లేదు. ఇంటర్ అయ్యాక నన్ను టైపు, షార్ట్‌హాండుకి పంపారు. ఆరు నెలలు పిట్‌మన్ గీతలు గీశాను. ఆ తర్వాత డిగ్రీ, కంప్యూటర్ కోర్సు, పెళ్ళి, అమెరికా. బొటనవేలి మీద గీత మాత్రం ఉండిపోయింది. చలికాలంలో కొంచెం లాగుతుంది.

ఆ మంచం ముందు నిలబడి పిట్‌మన్ సంగతి చెబితే నాన్న నవ్వుతారనుకున్నాను. "నిన్ను షార్ట్‌హాండుకి పంపింది నేనే కదా" అని మాత్రం అన్నారు. మళ్ళీ మౌనం. మావారూ పాపా వచ్చేదాకా అలాగే నిలబడ్డాం.

మ్యూజియం నుంచి కిందికి, నది ఒడ్డుకి వెళ్ళాం. రోబ్లింగ్ వంతెన ఎదురుగా బెంచీ. ఆ వంతెన కట్టిన రోబ్లింగ్ కూడా జర్మనీ నుంచి వచ్చినవాడే. మావారు పాపని ఉయ్యాలల దగ్గరికి తీసుకెళ్ళారు. నేను ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాను.

"ఆ రోజు నాతో వచ్చినాయన గుర్తున్నాడా?" అన్నారు నాన్న.

ఏ రోజని నేను అడగలేదు.

"వాళ్ళమ్మాయి పెళ్ళికి సామాను మొత్తం ఆర్డరిద్దామని వచ్చాడు. గుమ్మంలో ఆగి నిన్ను చూసి, ఏం మేస్త్రీ, పనోళ్ళకి కూలివ్వలేక కూతురు చేత కొట్టిస్తన్నావా అన్నాడు. నవ్వుతానే అన్నాడు." టీ తాగారు. "నాకు తల తీసేసినట్టయింది. ఆ కోపం నీమీద తీశాను."

నేనేమీ మాట్లాడలేకపోయాను. ముప్ఫై ఏళ్ళుగా నేను అనుకున్నది వేరు. ఆడపిల్లనని కొట్టారనుకున్నాను. అదీ ఉంది, లేదని ఆయనా అనలేదు. కానీ దాని వెనకాల ఈ సిగ్గొకటి ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

"ఆ బెజ్జం సరిగ్గానే వచ్చింది" అన్నారు. "గీత దాటలేదు. మిగతాది నేను కొట్టి, ఆ కోడు వాళ్ళ సామాన్లోనే వేశాను."

ఆ రాత్రి పడుకోకుండా చదివినప్పుడే హెన్రీ బాయిడ్ కనిపించాడు. మర్నాడు ఇడ్లీలు తింటూ ఆయన కథ నాన్నకి చెప్పాను. కెంటకీలో బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి. చెక్కపని నేర్చుకుని, కూడబెట్టిన డబ్బుతో తన స్వేచ్ఛ తనే కొనుక్కుని 1826లో సిన్సినాటి వచ్చాడు. తెల్ల వడ్రంగులు ఆయన పక్కన పని చెయ్యమన్నారు. కొన్నేళ్ళకి ఒక కొత్తరకం మంచం తయారుచేశాడు. పట్టె రెండు కొసలకీ చెక్కలోనే మరలు తిప్పాడు, ఒక కొసకి కుడివాటం, రెండో కొసకి ఎడంవాటం. పట్టెని ఒకే వైపు తిప్పితే రెండు పక్కల కోళ్ళూ ఒకేసారి బిగుస్తాయి. త్వరగా బిగించొచ్చు, త్వరగా విప్పొచ్చు, నల్లులు చేరడానికి సందులుండవు అని ప్రకటన వేసుకున్నాడు.

నాన్న ఇడ్లీ పక్కన పెట్టారు. రెండు చూపుడువేళ్ళు ఎదురెదురుగా పెట్టి గాలిలో తిప్పి చూశారు. ఒకసారి, రెండోసారి. "ఓరి నీ తెలివి తగలెయ్య" అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు లేదు.

కానీ 1833లో ఆ మంచానికి పేటెంటు వచ్చింది జార్జ్ పోర్టర్ అనే తెల్లవాడి పేరు మీద. బాయిడ్ తను చేసిన ప్రతి మంచం మీదా తన పేరు ముద్ర కొట్టడం మొదలుపెట్టాడు. నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ కలిపి పనిలో పెట్టుకున్నాడు. ఆయన షాపుని గిట్టనివాళ్ళు ఒకటికి రెండు మూడుసార్లు తగలబెట్టారు. చివరికి బీమా ఇచ్చేవాళ్ళు లేక 1860ల మొదట్లో మూసేశాడు. మిచెల్, రామెల్స్‌బర్గ్‌ల ఫ్యాక్టరీ ఆ రోజుల్లోనే ఆ ఊళ్ళోనే వెలిగిపోతోంది. యుద్ధంతో దక్షిణపు బేరం పోయింది, 1863లో రామెల్స్‌బర్గ్ పోయాడు, అయినా మిచెల్ నడిపించాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాళ్ళ సామాను పెట్టారు. తర్వాత తర్వాత మిషిగన్‌లో ఇంకో నది ఒడ్డు ఊరు, గ్రాండ్ రాపిడ్స్, ఈ వ్యాపారంలో పేరంతా పట్టుకుపోయింది.

నాన్నకి ఫ్యాక్టరీ గొడవ పట్టలేదు. "పేరు ఎక్కడ కొట్టేవాడు? కోడు మీదా, పట్టె మీదా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "నేను ఒక్కదాని మీదా పేరు వెయ్యలేదమ్మలూ" అన్నారు. బాధగా కాదు, లెక్క చెబుతున్నట్టు. రాజమండ్రిలో ఏయే ఇళ్ళలో తను చేసిన గుమ్మాలున్నాయో ఆ పొద్దున వరసగా చెప్పుకుంటూ పోయారు. ఆర్యాపురంలో నాలుగు, దానవాయిపేటలో మూడు, వాటిలో రెండు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, గుమ్మాలు ఎటు పోయాయో తెలీదు. అమ్మ పోయాక ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఆ రాత్రి తమ్ముడి ఫోను ఆయనే తీశారు. "కాగితాలు తయారు చేయించు. నేనొచ్చాక సంతకం పెడతాను. సామాను జోలికి మాత్రం ఎవరూ పోవద్దు" అన్నారు.

అక్టోబరులో వెళ్ళిపోయారు. షెడ్డు తాళం ఆయనే తీశారట. చిత్రికలు, రంపాలు, బరమా పాత పనివాళ్ళిద్దరికీ పంచారు. రేకులు అమ్మేశారు. తమ్ముడు వీడియో పంపాడు కానీ నేను పూర్తిగా చూడలేదు.

సంక్రాంతి వెళ్ళాక మా ఫ్రెండు వాళ్ళ అత్తగారు రాజమండ్రి నుంచి వస్తూ నాకొక పొట్లం తెచ్చారు. పూతరేకులు అనుకున్నాను. అమ్మ పాత నేత చీర ముక్కలో చుట్టి మూడు ఉలులు. కోనసీమ నుంచి గోనెసంచిలో తెచ్చుకున్నవే. పిడులు కొత్తగా వేశారు, నా చేతికి సరిపడా సన్నగా. ఆ మూడు పిడుల మీదా కింద అంచున తెలుగులో నా పేరు చెక్కి ఉంది. 'రి' గుడి కొంచెం లావొచ్చింది.

గరాజులో ఒక పాత బల్ల ఖాళీ చేశాను. ఒక వాల్‌నట్ ముక్క కొన్నాను. మన ధరల్లో చూస్తే గుండె ఆగుతుంది. ఆదివారాలు పొద్దున్నే, అక్కడ సాయంత్రం అవుతుండగా, ఫోను డబ్బా మీద నిలబెట్టి వీడియో పెడతాను. పాప కూడా పక్కన స్టూలు వేసుకుంటుంది. గరాజులో చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. మొన్నటిది నాలుగో బెజ్జం.

"ఉలి కొంచెం నిలువుగా పట్టు. ఆఁ. కొట్టు. గట్టిగా కొడితే ఏం కాదు" అంటున్నారు నాన్న. ఇంతలో ఆయన మొహం తెర మీదకి దగ్గరగా వచ్చింది. "ఆగు. గీత దాటావు."

"కొంచెమే కదా నాన్నా."

"కొంచెం ఏంటి, నాకిక్కణ్ణించే కనిపిస్తంటే! అది పక్కన పెట్టి ఇంకో ముక్క తీసుకో."